గాజు చెరువుకు బుంగ పడితే

ఆదివారం సాయంత్రం శామీర్‌పేట చెరువు కట్ట మీదికి వచ్చే జనంలో ఎక్కువమంది నీళ్లనే చూస్తారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్లు మాత్రం కట్టకు అవతలి వైపు, ఆయకట్టు దిక్కు కూడా ఓ కన్నేస్తారు. చుట్టూ గడ్డి ఎండిపోయినా ఒక్కచోట పచ్చగా ఉందంటే, కాలు పెడితే నేల మెత్తగా దిగిందంటే వాళ్లకు అనుమానం వస్తుంది. కట్టలో ఎక్కడో బుంగ పడింది. అప్పుడు వాళ్లు తడి కనబడిన చోట తట్టెడు మట్టి కొట్టి ఊరుకోరు. చెరువు లోపలి వైపు దిగి, నీళ్లు ఎక్కడ సన్నగా సుడి తిరుగుతున్నాయో వెతికి, అక్కడ ఇసుక బస్తాలు, బంకమట్టి వేస్తారు. లోపల వేసిన బస్తాను చెరువు నీరే కట్టకు అదిమి పట్టుకుంటుంది. బయట కొట్టిన మట్టిని అదే నీరు తోసి పారేస్తుంది.

మేడ్చల్, కండ్లకోయ, కొంపల్లి వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఇంకో రకం చెరువులున్నాయి. హాల్లో టీవీ పక్కన రెండడుగులదో మూడడుగులదో గాజు ట్యాంకు. అందులో గప్పీలు, మోలీలు, గోల్డ్‌ఫిష్‌లు, ఎవరైనా మోజుపడితే ఒక ఫ్లవర్‌హార్న్. ఒక పొద్దున ట్యాంకు కింద పరిచిన పాత దినపత్రిక మూల తడిసి ఉంటుంది. మొదటి రోజు ఇంట్లోవాళ్లు పిల్లలు నీళ్లు ఒలికించారనుకుంటారు. రెండో రోజు మూత మీంచి జారిందనుకుంటారు. మూడో రోజు స్టాండు కాలు దగ్గర చిన్న మడుగు కనబడుతుంది.

ఆ మడుగు చూడగానే చేయి ముందుగా వెళ్లేది బయటి మూలకే. పైపుల లీకు కోసం ఇంట్లో దాచిన ఎపాక్సీ ముద్ద పిసికి అంటిస్తారు. ఒకరు ఇన్‌స్టెంట్ గమ్ పోస్తారు, ఇంకొకరు బ్రౌన్ టేపు నాలుగు చుట్లు చుడతారు. రాత్రికి కారడం ఆగినట్టే ఉంటుంది, తెల్లారేసరికి పక్కనుంచి మొదలవుతుంది. రెండుసార్లు ఇలా జరిగాక చాలామంది ట్యాంకును మేడ మీదికి చేర్చి, చేపల్ని తెలిసినవాళ్లకు ఇచ్చేస్తారు. కొద్దిపాటి సామానుతో, ఒక వారం ఓపికతో బాగుపడే వస్తువు అలా ఎండలో పడి ఉంటుంది.

ఓర్పు గురించి చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. ఓర్పును చేతికి పనిచ్చి నేర్పేవి తక్కువ. కారే గాజు ట్యాంకు అలాంటి పనే ఇస్తుంది. అందుకే వ్యక్తిత్వం గురించిన ఈ పుస్తకంలో ఒక అధ్యాయమంతా దానికి కేటాయించాల్సి వచ్చింది.

ముందు, ట్యాంకు మీద పడే బరువెంతో తెలియాలి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకు నిండా సుమారు 190 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే 190 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఏడున్నర ఒక బల్ల మీద పేర్చినట్టు. ఇది కిందికి పడే బరువు. పక్కలకు తోసే బలం వేరే ఉంటుంది. ఆ ట్యాంకు ముందు అద్దాన్ని నీళ్లు దాదాపు 95 కిలోల బలంతో బయటికి తోస్తుంటాయి. దాదాపు నాలుగు బస్తాలు రాత్రనకా పగలనకా అద్దానికి ఆనుకుని నిలబడ్డట్టే. ఆ అద్దాన్ని పట్టి ఉంచేది మూలల్లో ఉన్న సన్నని సిలికాన్ గీత.

నీటి ఒత్తిడి లోతును బట్టే ఉంటుంది, వెనక ఎంత నీరుందన్నది దానికి లెక్కలేదు. శామీర్‌పేట చెరువులో అడుగు లోతున ఎంత ఒత్తిడి ఉంటుందో, హాల్లో ట్యాంకులో అడుగు లోతున అంతే. చదరపు సెంటీమీటరుకు దాదాపు 30 గ్రాములు. చెరువు కట్ట పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉండేది ఇందుకే. ట్యాంకు కూడా ఎక్కువగా అడుగు మూలల్లోనే కారేది ఇందుకే. ఎత్తు రెట్టింపైతే అద్దం మీద తోపు నాలుగింతలవుతుంది. కాబట్టి పొడవు పెంచడం కంటే ఎత్తు పెంచడం ప్రమాదం. అందం కోసం రెండున్నర అడుగుల ఎత్తు ట్యాంకును పలుచటి అద్దంతో చేయించుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

ఈ ప్రాంతంలో ప్లాటు కొన్నవాళ్లకు, కొనబోయి ఆగినవాళ్లకు కూడా ఎఫ్‌టీఎల్ అనే మాట బాగా తెలుసు. చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీత. గాజు ట్యాంకుకూ అలాంటి గీత ఒకటి పెట్టుకోవాలి. అంచుకు కనీసం అంగుళమో, అంగుళమున్నరో కింద. మూత మీంచి చిందే నీళ్లు, ఫిల్టర్ పైపు వెంట జారే నీళ్లు దీనితోనే సగం తగ్గుతాయి. ఇంట్లో లీకు అని భయపడిన వాటిలో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

తేలకపోతే వెతుకులాట మొదలు. తడి కనబడిన చోటే కన్నం ఉందనుకోకూడదు. నీరు అతుకు వెంట, అద్దం అంచు వెంట పాకుతుంది. ఎడమ మూలలో బయలుదేరి కుడి మూలలో బొట్టు కట్టగలదు. ముందు ట్యాంకు బయటంతా పొడి బట్టతో తుడవాలి. ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం ముక్క పెట్టి, అరగంటకోసారి ఏది ముందుగా తడిసిందో చూడాలి. అద్దం మీద మార్కర్‌తో నీటి మట్టం గీసి, పక్కనే ఒక గిన్నెలో నీళ్లు పోసి దానికీ గీత పెట్టాలి. వేసవిలో రెండూ తగ్గుతాయి. గిన్నెకంటే ట్యాంకు బాగా ఎక్కువ తగ్గితే అది ఆవిరి కాదు. మట్టం దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోతే, కన్నం ఆ ఎత్తులో ఉన్నట్టు. అడుగంటేదాకా ఆగకపోతే కన్నం అడుగు అతుకులో ఉన్నట్టు. ఎయిర్ పంపు గొట్టం గురించి కూడా ఒక మాట. పంపును నీటి మట్టానికి కింద పెడితే, కరెంటు పోయినప్పుడు ఆ గొట్టం గుండానే నీళ్లు వెనక్కి జారి కింద చేరగలవు. అద్దాన్ని అనుమానించే ముందు దాన్నీ చూడాలి.

కన్నం ఖాయమైతే చేపలకు వసతి చూడాలి. శుభ్రమైన బకెట్లో, సబ్బు ఎప్పుడూ తగలని బకెట్లో, ట్యాంకు నీళ్లనే నింపి చేపల్ని అందులోకి మార్చాలి. ఎయిర్ స్టోన్ వేయాలి. ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద కడగకూడదు. చేపల విసర్జనల నుంచి వచ్చే అమ్మోనియాను తక్కువ హాని చేసే పదార్థంగా మార్చే బాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురముంటుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. స్పాంజిని ఆరనివ్వకుండా అదే బకెట్లో నడిచేలా ఉంచాలి. వారం రోజులు మేత బాగా తగ్గించాలి. ఎదిగిన చేపలు కొన్నాళ్లు పస్తులుండగలవు, కానీ చిన్న బకెట్లో మేత కుళ్లితే తట్టుకోలేవు. గౌరామీలు, బెట్టాలు నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి కాబట్టి సర్దుకుపోతాయి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుదీ అదే శక్తి. గోల్డ్‌ఫిష్‌కు ఆ వెసులుబాటు లేదు, దానికి గాలి బుడగలు ఆగకూడదు.

ఇక దుకాణం. మేడ్చల్ బస్టాండు వైపు హార్డ్‌వేర్ షాపుల్లో ఈ బేరం ఇంచుమించు ఇలా సాగుతుంది.

"అన్నా, ఫిష్ ట్యాంక్ కారుతున్నది. సిలికాన్ ఒకటి ఇయ్యున్రి."

"అద్దానికా తమ్మీ, బాత్రూంకా?"

"రెండూ ఒకటే కాదానె?"

"ఒకటెట్లయితది? బాత్రూందాంట్ల బూజు పట్టకుండ మందుంటది. చేపలు సస్తయి."

కౌంటర్ అవతలి మనిషి అడిగిన ఆ ప్రశ్న చేపల ప్రాణం కాపాడుతుంది. స్నానాల గది కోసం అమ్మే సిలికాన్‌లో బూజును చంపే రసాయనాలు కలుపుతారు. ట్యూబు మీద బూజు నిరోధం, ఫంగస్ నిరోధం, శానిటరీ లాంటి మాటలుంటే అది ట్యాంకుకు పనికిరాదు. కావలసింది ఏ మందూ కలపని, నూరు శాతం సిలికాన్ అని రాసి ఉన్న అద్దాల సిలికాన్. అక్వేరియం కోసమే అని రాసి ఉంటే ఇంకా మంచిది. అది పిండినప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. నూడుల్స్ బండి దగ్గర ముక్కుకు తగిలే ఘాటు అదే. సిలికాన్ గట్టిపడేటప్పుడు అసిటిక్ ఆమ్లం బయటికి పోవడం వల్ల ఆ వాసన. పూర్తిగా ఆరాక వాసనా ఉండదు, చేపలకు హానీ ఉండదు. ట్యాంకు కింద కడప బండ, తాండూరు బండ ఉన్నవాళ్లు మాత్రం బండమీద ఇది పడకుండా చూసుకోవాలి. అవి సున్నపురాళ్లు, ఆమ్లం తగిలితే మచ్చ పడుతుంది.

ట్యూబు మీద గడువు తేదీ చూడాలి. రేకుల షెడ్డులో రెండు వేసవులు మగ్గిన సిలికాన్ ఎన్ని రోజులైనా జిగటగానే ఉండిపోవచ్చు. ఇంటికి రాగానే పనికిరాని గాజు ముక్క మీద బఠాణీ గింజంత పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అరగంటలో పైన పొర కట్టాలి. రెండు రోజుల తర్వాత గోరుతో లాగితే గాజును వదలకూడదు.

ఈ జిగురు అద్దాన్ని ఇంత గట్టిగా పట్టడానికి చుట్టరికమే కారణం. గాజు పుట్టింది ఇసుకలోంచి. సిలికాన్ రబ్బరు తయారీ కూడా ఇసుక దగ్గరే మొదలవుతుంది. రెండింటి వెన్నెముకా సిలికాన్ మూలకం, ఆక్సిజన్ ఒకదాని తర్వాత ఒకటి అల్లుకున్న గొలుసే. శుభ్రమైన గాజు మీద తాజా సిలికాన్ పడితే ఆ రెండు గొలుసులూ ముడిపడతాయి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ అనే రసాయన శాస్త్రవేత్త దాదాపు నలభై ఏళ్లు ఈ పదార్థాల మీద పని చేశాడు. వాటికి పేరు పెట్టిందీ ఆయనే. కానీ 1930ల్లో ఒక ప్రసంగంలో, ఈ రంగంలో పెద్ద పురోగతి వస్తుందన్న ఆశ తనకు కనబడటం లేదన్నాడు. 1940లో అమెరికాలో యూజీన్ రోకో వాటిని పెద్ద ఎత్తున తయారుచేసే దారి కనిపెట్టాడు. 1969లో చంద్రుడి మీద ముద్ర వేసిన బూట్ల అడుగు సిలికాన్ రబ్బరే. అక్వేరియం అనే పేరును పుస్తకం పేరుగా పెట్టి జనంలోకి తెచ్చిన ఫిలిప్ గాస్ కాలంలో, అంటే 1854లో, ట్యాంకంటే లోహపు చట్రంలో పుట్టీతో బిగించిన అద్దాలే. మన పాత ఇళ్లలోనూ ఇనుప యాంగిల్ ట్యాంకులు తుప్పు కారుతూ కొంతకాలం ఉన్నాయి. 1960ల్లో సిలికాన్ వచ్చాకే చట్రం లేకుండా, అద్దానికి అద్దమే ఆధారంగా నిలిచిన ట్యాంకు సాధ్యమైంది.

ఆ చుట్టరికానికి ఒక షరతు ఉంది. తాజా సిలికాన్ గాజును పట్టుకుంటుంది, ఆరిపోయిన పాత సిలికాన్‌ను సరిగా పట్టుకోదు. కారిన చోట కొత్తది పైన పూస్తే కుదరకపోవడానికి అసలు కారణం ఇదే. కన్నం రెండంగుళాల మేరే ఉన్నా, లోపలి మూలల్లో చుట్టూ ఉన్న పాత గీతంతా తీసేయాలి. రెండంగుళాలే తీస్తే కొత్త గీత, పాత గీత కలిసే రెండు చోట్లా కొత్త బుంగలకు దారి పడుతుంది.

మొత్తం పనిలో కష్టమైనది ఈ గీకడమే. రేపటికి వాయిదా వేయాలని చేయి కోరుకునేదీ దీన్నే.

ట్యాంకును ఖాళీ చేసి, ఆరబెట్టి, వెలుతురున్న చోట బల్ల మీద పెట్టాలి. కొత్త బ్లేడు కావాలి. మొండి బ్లేడు సిలికాన్‌ను నలుపుతుంది కానీ కోయదు. బ్లేడును అద్దానికి దాదాపు పడుకోబెట్టి, అద్దం మీంచి మూల వైపు మెల్లగా తోయాలి. మొదట రబ్బరు తోకలాగా పొడుగ్గా లేచి వస్తుంది. ఆ తోకను వేళ్లతో పట్టి లాగితే అడుగు పొడవు ఒక్కసారిగా ఊడి వస్తుంది, పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అయిపోలేదు. వెలుతురుకు ఏటవాలుగా చూస్తే అద్దం మీద నూనె మరకలాంటి పలుచటి పొర మిగిలి ఉంటుంది. వేలు నునుపుగా జారాల్సింది పోయి, ఆ పొర మీద కొంచెం పట్టేస్తుంది. మళ్లీ బ్లేడు మార్చి, ఆ పొరను పొట్టు పొట్టుగా తీయాలి. మూడడుగుల ట్యాంకులో లోపలి మూలల పొడవు మొత్తం 15 అడుగులు. రెండు పక్కలా లెక్కేస్తే 30 అడుగుల అద్దం అంచును గీకాలి. ఒక మధ్యాహ్నం పడుతుంది.

బ్లేడు మొన రెండు అద్దాల నడుమ ఉన్న అతుకులోకి దూరకూడదు. లోపలి మూలలో కనబడే గీత నీళ్లను ఆపేది. అద్దానికి అద్దానికి మధ్య సన్నగా ఉన్నది ట్యాంకును నిలబెట్టేది. మొదటిది మార్చుకోవచ్చు. రెండోది తెగితే ట్యాంకు విప్పి మళ్లీ కట్టడమే. ఆ నడిమి అతుకులో తెల్లటి మచ్చలు, పొడవాటి గాలి బుడగలు కనిపిస్తే అక్కడ సిలికాన్ గాజును వదిలేసిందని అర్థం. అలాంటి ట్యాంకును లోపలి గీత మార్చి నమ్ముకోవడం సరికాదు.

గీకాక తుడవడం. మేడ్చల్, శామీర్‌పేట నేల కింద ఉన్నది గ్రానైటు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నీటి మట్టం దగ్గర అద్దం మీద పేరుకునే తెల్లటి చార అదే. వెనిగర్‌లో ముంచిన బట్టను ఆ చార మీద అరగంట పరిస్తే కరుగుతుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో అసిటోన్‌తోనో తెల్ల బట్ట తడిపి మూలలన్నీ తుడవాలి. 2020 నాటి శానిటైజర్ల పుణ్యమా అని ఐసోప్రొపైల్ అంటే ఇప్పుడు మందుల షాపుల్లోనూ తెలుస్తోంది. కానీ కలబంద కలిపిన శానిటైజర్ జెల్ వాడకూడదు, అది జిడ్డు వదులుతుంది. బట్ట తెల్లగానే తిరిగొచ్చేదాకా తుడిచి, ఆ తర్వాత ఆ అంచులను వేలితో ముట్టకూడదు. వేలి జిడ్డు చాలు, అంతమేర పట్టు పోవడానికి.

మాస్కింగ్ టేపును మూలకు రెండు పక్కలా 8 మిల్లీమీటర్ల దూరంలో అంటిస్తే గీత తిన్నగా వస్తుంది. ట్యూబు మూతిని ఏటవాలుగా, గీత వెడల్పుకు తగ్గట్టు కోయాలి. 280 మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి ఈ కొలత గీతకు ఎనిమిది మీటర్లకు పైగా వస్తుంది. మూడడుగుల ట్యాంకుకు నాలుగున్నర మీటర్లు చాలు కాబట్టి పిసినారితనం అక్కర్లేదు. నిలువు మూలలు ముందు, తర్వాత అడుగు చుట్టూ. గన్ను మధ్యలో ఆపకుండా, సిలికాన్‌ను మూలలోకి తోస్తున్నట్టుగా నడపాలి. వెంటనే గ్లవ్స్ తొడిగిన వేలితో ఒక్కసారి పై నుంచి కిందికి దిద్దాలి. ఒక్కసారే. బాగా రాలేదని రెండోసారి, మూడోసారి దిద్దేవాళ్లు అప్పుడే కట్టబోతున్న పొరను చింపి, చిన్న చిన్న గుంటలు చేస్తారు. పది నిమిషాల్లోపు టేపు లాగేయాలి. పొర కట్టాక లాగితే గీత అంచు కూడా టేపుతో పాటు లేచొస్తుంది. కిటికీలు తెరిచి ఉంచాలి, ఆమ్లపు ఘాటుకు కళ్లు మండుతాయి.

ఆ తర్వాత చేతులు కట్టుకు కూర్చోవాల్సిన రోజులు.

సిలికాన్ ఆరడమంటే నీరు ఇంకిపోవడం కాదు. గాలిలోని తేమను పీల్చుకుని అది గట్టిపడుతుంది. పాల మీద మీగడ కట్టినట్టు పైనుంచి మొదలై లోపలికి వెళుతుంది. మామూలు వాతావరణంలో రోజుకు రెండు, మూడు మిల్లీమీటర్లు. లోపలికి పోయేకొద్దీ ఇంకా నెమ్మది, ఎందుకంటే పైన కట్టిన పొరే తేమకు అడ్డం. 8 మిల్లీమీటర్ల గీత అడుగు దాకా గట్టిపడటానికి మూడు నాలుగు రోజులు తక్కువలో తక్కువ. అందుకే వారం ఆగమనేది. హైదరాబాద్ ఉత్తరపు శివార్లలో ఈ లెక్క నెలను బట్టి మారుతుంది. మే మధ్యాహ్నాల్లో గాలి పొడిబారి ఉంటుంది కాబట్టి, ఎండకు త్వరగా ఆరుతుందనుకునేవాళ్లు పొరబడతారు. తేమ లేక అది నెమ్మదిస్తుంది. గదిలో తడి తువాలు ఆరేస్తే మేలు. ఆగస్టులో తేమకు లోటు లేదు, కానీ అద్దం మీద కంటికి కనబడని చెమ్మ ఉంటుంది. ఫ్యాను కింద అద్దాన్ని బాగా ఆరనిచ్చాకే గన్ను పట్టాలి. డిసెంబరు చలిలో ఇంకో రెండు రోజులు కలుపుకోవాలి. చెరువుల పని కూడా కాలాన్ని చూసే జరుగుతుంది. 2015 మార్చిలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడికతీత, కట్టల పని ఎండాకాలంలో, నీళ్లు అడుగంటిన చెరువుల్లోనే సాగింది.

గీత మార్చినా బాగుపడనివి కొన్ని ఉన్నాయి. అడుగు అద్దానికి పగులు వస్తే దాని మీద సిలికాన్ పూసి బతుకు వెళ్లదీయలేం. మొత్తం బరువు మోసేది అదే. అద్దం మార్చాలి. పక్క అద్దంలో మూలన చిన్న పగులైతే, దానికంటే అన్ని వైపులా రెండంగుళాలు ఎక్కువున్న గాజు ముక్కను సిలికాన్‌తో అంటించవచ్చు. అదీ లోపలి వైపే. పగులుకు చాలాసార్లు కారణం అద్దంలో కాదు, కింద ఉంటుంది. స్టాండు ఒక కాలు రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటే ట్యాంకు మెలిపడుతుంది. మేస్త్రి వాడే లెవల్ పైపుతో నాలుగు మూలలూ సరిచూసి, చట్రం లేని ట్యాంకు కింద అంగుళం మందం థర్మకోల్ షీటు పరిస్తే చిన్న ఎగుడుదిగుళ్లను అది మింగేస్తుంది. అది లేకపోతే, కింద ఉన్న ఒక్క ఇసుక రేణువు మొన మీదే బరువులో చాలా భాగం ఆనగలదు.

పెద్ద సంస్థల ట్యాంకులు కూడా పగులుతాయి. 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున బెర్లిన్‌లో ఒక హోటల్ లాబీలో నిలబెట్టిన ఆక్వాడోమ్ అనే భారీ అక్వేరియం పగిలింది. పది లక్షల లీటర్ల నీరు, దాదాపు 1500 చేపలు బయటపడ్డాయి. అది గాజు కాదు, ఆక్రిలిక్. కారణాలు వెతికిన నిపుణులు ఒక్కటే అని తేల్చలేకపోయారు. కానీ వాళ్లు పరిశీలించిన అవకాశాల్లో జిగురు అతుకు విడిపోవడం ఒకటి. జనం లేని వేళ కాబట్టి ఇద్దరికి గాయాలతో సరిపోయింది. హాల్లో పిల్లలు ఆడుకునే చోట ట్యాంకు పెట్టేవాళ్లకు ఈ సంగతి గుర్తుండటం మంచిది.

వారం గడిచి, ముక్కు దగ్గర పెట్టి చూసినా వెనిగర్ వాసన రాకపోతే నీటి పరీక్ష చేయాలి. ఇది హాల్లో చేయకూడదు. బాల్కనీలోనో వాకిట్లోనో, సమంగా ఉన్న చోట, కింద పొడి కాగితం పరిచి చేయాలి. మొదట మూడో వంతు నింపి ఒక పూట ఆగాలి. కాగితం పొడిగా ఉంటే మూడింట రెండు వంతులు, మళ్లీ ఒక పూట. ఆ తర్వాత మనం పెట్టుకున్న ఎఫ్‌టీఎల్ గీత దాకా నింపి రెండు రోజులు. ఎక్కడ తడి కనిపించినా నీళ్లు తీసి, ఆరబెట్టి, ఆ మూల మొత్తం మళ్లీ గీకడమే. మనసు చివుక్కుమంటుంది. అయినా ఆ పూటే చేయాలి, ఎందుకంటే నీళ్లు నింపిన ట్యాంకును చూసుకుంటూ బయట ఒక చుక్క పూద్దామన్న ఆలోచన వచ్చేది సరిగ్గా అప్పుడే.

పరీక్ష నీళ్లు పారబోసి, ఒకసారి కడిగి, కొత్త నీళ్లు నింపాలి. కుళాయిలో వచ్చేది శుద్ధి చేసిన గోదావరి నీరైతే క్లోరిన్ ఉంటుంది. అక్వేరియం షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ కొన్ని చుక్కలు చాలు. బకెట్లోని పాత నీళ్లు, ఫిల్టర్ స్పాంజి మళ్లీ ట్యాంకులోకి రావాలి. చేపల్ని కవర్లో ఉంచి, కవరును పావుగంటో ఇరవై నిమిషాలో నీటి మీద తేలనిచ్చి, అందులో కొంచెం కొంచెంగా కొత్త నీరు కలుపుతూ వదలాలి. మొదటి రోజు లైటు వేయకపోతే అవి తొందరగా కుదురుకుంటాయి.

ట్యాంకు వెనక అద్దం మీద, పైమూలన ఒక చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద నాలుగు సంగతులు రాసిపెట్టాలి. సిలికాన్ మార్చిన తేదీ, కొన్న ట్యూబు పేరు, దాని గడువు, బుంగ దొరికిన మూల.